మాస్టారి డాబా: మింగేదెంత, ఊదేసేదెంత?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకే విషయం మీద. “సొంత గెలాక్సీనే చంపేసిన రాక్షస బ్లాక్ హోల్” అని ఒక వీడియో వాట్సాప్‌లో తిరుగుతోందిట. రాజాం నుంచి టెక్కలి దాకా అందరూ దాన్నే చూసి “నిజమేనా మాస్టారూ?” అని అడిగారు. మా మనవడైతే నాకే పంపించి, కింద మూడు పుర్రె బొమ్మలు పెట్టాడు. అందుకని ఈసారి గ్రహణాల ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, క్వేజార్ల దగ్గరే, అంటే నడిమధ్య బ్లాక్ హోల్ వల్ల విపరీతంగా వెలిగే గెలాక్సీల దగ్గరే కాసేపు కూర్చుందాం. ముహూర్తాలు అడిగినవాళ్లు మాత్రం వచ్చే నెల కూడా ఎదురు చూడొద్దు. అది మా డాబా మీద దొరికే సరుకు కాదు.

ప్రశ్న: బ్లాక్ హోల్ నుంచి వెలుగు కూడా బయటికి రాదని మాకు క్లాసులో చెప్పారు. క్వేజార్ అంటే బ్లాక్ హోలే అంటున్నారు. మరి దానికి అంత వెలుగు ఎక్కడిది? పైగా అక్కడినుంచి గ్యాస్ బయటికి తన్నుకొస్తోందట. ఏది నమ్మాలి మాస్టారూ?
– బీఎస్సీ రెండో సంవత్సరం విద్యార్థిని, రాజాం

రెండూ నమ్మొచ్చమ్మా. బ్లాక్ హోల్‌కి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటి లోపలికి పోయినది ఏదీ వెనక్కి రాదు, వెలుగుతో సహా. మనం క్వేజార్‌లో చూసే వెలుగంతా ఆ హద్దుకి ఇవతల పుట్టింది. బయటికి పోయే గ్యాస్ కూడా ఇవతలదే. మింగింది కక్కడం లేదు, నోటిదాకా వచ్చినదాన్ని ఊదేస్తోంది.

గ్యాస్ బ్లాక్ హోల్ వైపు తిన్నగా వెళ్లి పడిపోదు. ఎంతో కొంత పక్కకి వెళ్లే వేగం ఉంటుంది కాబట్టి చుట్టూ తిరగడం మొదలెడుతుంది. అలా తిరిగి తిరిగి ఒక పల్చటి చక్రంగా పరుచుకుంటుంది. లోపలి వరసలు వేగంగా, బయటి వరసలు నెమ్మదిగా తిరుగుతూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఆ రాపిడికి కాగిపోతాయి. ఆ వేడే మనకి వెలుగు. సూర్యుడిలో హైడ్రోజన్ హీలియంగా మారేటప్పుడు పదార్థంలో 0.7 శాతమే శక్తిగా మారుతుంది. బ్లాక్ హోల్ చుట్టూ తిరుగుతూ లోపలికి జారే పదార్థం దగ్గర అది దాదాపు 10 శాతం. పద్నాలుగు రెట్లు ఎక్కువ. అందుకే ఒక్క బ్లాక్ హోల్ చుట్టూ ఉన్న చక్రం, ఆ గెలాక్సీలోని నక్షత్రాలన్నీ కలిపి ఇచ్చే వెలుగుని మించిపోగలదు.

ఇక ఊదడం సంగతి. వెలుగుకి తోసే గుణం ఉంది. మనకి ఎండలో నిలబడితే తెలియదు గానీ, వెలుగు మరీ ఎక్కువైతే గ్యాస్ మీద దాని తోపుడు గురుత్వాకర్షణ లాగుడుతో సమానం అయిపోతుంది. ఆ హద్దు ఎక్కడో నక్షత్రాల కోసం లెక్క కట్టినవాడు ఆర్థర్ ఎడింగ్టన్. అదే లెక్క క్వేజార్లకీ పనికొస్తుంది. ఆ హద్దుకి దగ్గరగా వెలిగే క్వేజార్ చక్రం మీదనుంచి గ్యాస్ గాలిలా లేచిపోతుంది. గాలి అంటే మన ఈదురుగాలి కాదు. పీడీఎస్ 456 అని కాస్త దగ్గరలోని క్వేజార్ ఒకటుంది. దాన్ని నుస్టార్, ఎక్స్ఎమ్ఎమ్-న్యూటన్ అనే రెండు ఎక్స్-రే టెలిస్కోపులతో చూసి 2015లో ఒక ఫలితం ప్రకటించారు: వెలుగు వేగంలో పావు వంతుకి పైగా వేగంతో, దాదాపు అన్ని వైపులకీ గాలి వీస్తోందని. చాలా దూరపు క్వేజార్లలోనూ ఇది ఉంది. 2021లో ప్రకటించిన జె0313-1806 అనే క్వేజార్ వెలుగు బయల్దేరినప్పటికి విశ్వం వయసు 67 కోట్ల ఏళ్లే. అప్పటికే దాని బ్లాక్ హోల్ బరువు 160 కోట్ల సూర్యుళ్లంత. గాలి వేగం వెలుగు వేగంలో ఐదో వంతు.

అయితే ఇంత గాలి వీచినా గెలాక్సీకి ఏమవుతుంది? 100 కోట్ల సూర్యుళ్ల బరువున్న బ్లాక్ హోల్ హద్దు మన యురేనస్ కక్ష్యంత ఉంటుంది, అంతే. చుట్టూ ఉన్న గెలాక్సీ వేల కాంతి సంవత్సరాల పొడవు. నువ్వు బీఎస్సీ కదా, కాగితం తీసుకో. ఆ బ్లాక్ హోల్ పెరుగుతూ వచ్చిన కాలమంతా వదిలిన శక్తి: 100 కోట్ల సూర్యుళ్ల ద్రవ్యరాశిలో పదో వంతు, ఇంటూ వెలుగు వేగం వర్గం. గెలాక్సీని పట్టి ఉంచే శక్తి సుమారుగా: 10,000 కోట్ల సూర్యుళ్ల ద్రవ్యరాశి ఇంటూ అందులో నక్షత్రాల వేగం వర్గం. వేగం సెకనుకు 300 కిలోమీటర్లు వేసుకో. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సరిగ్గా 1000 వస్తుంది. అంటే ఆ శక్తిలో వెయ్యో వంతు గ్యాస్‌కి అంటుకున్నా చాలు, గెలాక్సీని కుదిపేయడానికి. 1998లో జోసెఫ్ సిల్క్, మార్టిన్ రీస్ చెప్పింది ఇదే: బ్లాక్ హోల్ ఒక బరువుకి మించాక చుట్టూ గ్యాస్‌ని తరిమేస్తుంది, దాంతో నక్షత్రాల పుట్టుక ఆగుతుంది (గెలాక్సీ చావంటే ఇదే), దానికీ తిండి ఆగుతుంది.

లెక్క ఒప్పుకుంటోంది. కానీ లెక్క ఒప్పుకోవడం వేరు, అది నిజంగా జరుగుతోందని చూడటం వేరు.

ప్రశ్న: కోట్ల కోట్ల కిలోమీటర్ల అవతల గ్యాస్ లోపలికి పోతోందో, బయటికి వస్తోందో ఎవరు చూసొచ్చారండీ? ఫోటోలో అయితే ఒక చుక్క తప్ప ఏమీ లేదు.
– ఎలక్ట్రీషియన్, నెల్లిమర్ల

మంచి ప్రశ్న వేశారు. నిజానికి ఈ నెల వచ్చిన అన్నిటిలో ఇదే అసలు ప్రశ్న. ఫోటో చూసి ఎవరూ చెప్పలేరు. చెప్పేది స్పెక్ట్రమ్. అంటే వచ్చిన వెలుగుని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసి గీసిన గ్రాఫ్.

ప్రతి పరమాణువుకీ, అణువుకీ తనవైన కొన్ని తరంగదైర్ఘ్యాలు ఉంటాయి. వాటి దగ్గర గ్రాఫ్‌లో కనిపించే గుర్తునే గీత అంటాం. మన వైపు వచ్చే గ్యాస్ అయితే ఆ గీత కాస్త పొట్టి తరంగం వైపు జరుగుతుంది. దూరం పోయే గ్యాస్ అయితే పొడుగు తరంగం వైపు. ఎంత జరిగిందో కొలిస్తే వేగం వచ్చేస్తుంది. ఇందాకటి చిన్న క్లాసు ఇంతటితో సరి. ఇక్కడినుంచి మీ పని లాంటి పనే: ఎక్కడ లీకేజీ ఉందో బయటినుంచి కొలిచి పట్టుకోవాలి.

తొలినాటి గెలాక్సీల్లో ఎక్కువగా వెతికే గీత అయనీకరించిన కార్బన్‌ది. అసలు తరంగదైర్ఘ్యం 158 మైక్రాన్లు. విశ్వం సాగిపోవడం వల్ల మన దగ్గరికి వచ్చేసరికి ఏడు రెట్లు పొడుగై, 1.1 మిల్లీమీటర్లు అవుతుంది. ఆ రేడియో తరంగాల్ని పట్టడానికి చిలీలో అటకామా ఎడారి మీద, 5000 మీటర్ల ఎత్తున, 66 యాంటెన్నాల అల్మా ఉంది. అంత ఎత్తు, అంత ఎండు గాలి ఎందుకంటే గాలిలో తేమ ఈ తరంగాల్ని పీల్చేస్తుంది. మన భీమిలి గాలిలో ఆ యాంటెన్నాలు పెడితే పొద్దున్నే తుడుచుకోవడానికే సరిపోతుంది.

ఆ కార్బన్ గీత గ్రాఫ్‌లో ఒక గుట్టలా కనిపిస్తుంది. గెలాక్సీ తిరగడం వల్ల దానికి కొంత వెడల్పు సహజం. ఆ గుట్ట అంచుల్లో రెండు వైపులా తక్కువ ఎత్తులో, చాలా దూరం సాగిన తోకలు కనిపిస్తే, అక్కడ చాలా వేగంగా కదిలే గ్యాస్ కొంత ఉందని అర్థం. వేగంగా అంటే సెకనుకు వందల నుంచి వెయ్యికి పైగా కిలోమీటర్లు. చిక్కేమిటంటే, ఇలా వెలిగే గ్యాస్ గెలాక్సీకి ఇవతల ఉందో అవతల ఉందో గీత చెప్పదు. మన వైపు వస్తున్న గ్యాస్ గెలాక్సీకి ముందు ఉంటే బయటికి పోతున్నట్టు. వెనక ఉంటే లోపలికి పడుతున్నట్టు. రెండు గెలాక్సీలు గుద్దుకుంటున్నా ఇలాంటి తోకలు వస్తాయి.

అందుకే నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది నీడ పద్ధతి. గెలాక్సీలోని ధూళి వేడికి వెలుగుతూ ఉంటుంది. ఆ వెలుగుకి మనకీ మధ్యలో గ్యాస్ అడ్డొస్తే, గ్రాఫ్‌లో ఒక గుంట పడుతుంది. గుంట పడిందంటే ఆ గ్యాస్ ఖచ్చితంగా ఇవతల ఉన్నట్టే. వెనక ఉన్నది వెలుగుని ఆపలేదు కదా. ఆ గుంట పొట్టి తరంగం వైపు జరిగి ఉంటే, గ్యాస్ మన వైపు వస్తోంది. గెలాక్సీకి ఇవతల ఉంది, మన వైపు వస్తోంది. అంటే గెలాక్సీని వదిలి బయటికి పోతోంది. ఇందులో వాదనకి తావులేదు.

జె2054-0005 అనే క్వేజార్ దగ్గర ఇదే చేశారు. జపాన్‌లోని హొక్కయిడో విశ్వవిద్యాలయం వాళ్ల నాయకత్వంలో అల్మాతో చూసి, 2024లో ప్రచురించారు. విశ్వం వయసు ఇంకా 100 కోట్ల ఏళ్లు నిండకముందు బయల్దేరిన వెలుగు అది. వాళ్లు వాడింది హైడ్రాక్సిల్ అణువు, అంటే ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్. గీత 119 మైక్రాన్ల దగ్గర. గుంట స్పష్టంగా పక్కకి జరిగి ఉంది. గ్యాస్‌లో వేగంగా పోయే భాగం సెకనుకు 1500 కిలోమీటర్లు. ఏడాదికి దాదాపు 1500 సూర్యుళ్ల బరువున్న గ్యాస్ బయటికి పోతోందని లెక్క తేలింది. రోజుకి నాలుగు సూర్యుళ్లు! మన పాలపుంతలో ఏడాది పొడుగునా పుట్టే నక్షత్రాలన్నీ కలిపినా ఒకటి రెండు సూర్యుళ్ల బరువే.

ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. వేగం నేరుగా కొలిచినది. 1500 సూర్యుళ్లన్నది మాత్రం లెక్క కట్టినది. హైడ్రాక్సిల్ ఇంత ఉంటే హైడ్రోజన్ ఎంత ఉండాలి, గ్యాస్ ఎంత మేర పరుచుకుంది, ఇవన్నీ కొంత అంచనా వేసుకుంటే గానీ ఆ సంఖ్య రాదు. మీటర్ రీడింగుకీ, కరెంటు బిల్లుకీ ఉన్న తేడా మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: వీడియోలో చెప్పినట్టు క్వేజార్ తన గెలాక్సీని చంపేస్తుందన్నది రుజువైపోయిందా సార్? పోటీ పరీక్షల్లో అడిగితే ఏమని పెట్టమంటారు?
– ఉద్యోగ ప్రయత్నంలో ఉన్న యువకుడు, నరసన్నపేట

పరీక్షలో అడిగితే వాళ్ల కీలో ఏముందో అదే పెట్టు నాయనా, మార్కుల దగ్గర పౌరుషం వద్దు. నన్ను అడిగితే మాత్రం “రుజువు కాలేదు” అంటాను. ఎందుకో చెబుతాను, దీనికి ఒక పాత కథ ఉంది.

జె1148+5251 అనే క్వేజార్ సంగతి. 2003లో దొరికింది, అప్పటికి అందరికన్నా దూరపు క్వేజార్ అదే. 2012లో ఫ్రాన్స్ ఆల్ప్స్ పర్వతాల మీద ప్లాటో ద బ్యూర్ అనే చోట ఉన్న యాంటెన్నాలతో ఒక బృందం దాని కార్బన్ గీత చూసింది. ఇందాక చెప్పిన తోకలు కనిపించాయి. ఏడాదికి 3500 సూర్యుళ్లకి తక్కువ కాకుండా గ్యాస్ పోతోందని ప్రకటించారు. పెద్ద సంచలనం. 2015లో ఇంకా లోతుగా చూసి, ఆ గ్యాస్ గెలాక్సీ మధ్యనుంచి లక్ష కాంతి సంవత్సరాల దూరం దాకా వ్యాపించిందన్నారు. తొలినాటి విశ్వంలో గ్యాస్ వెళ్లిపోవడానికి ఉదాహరణ కావాలంటే ఏళ్ల తరబడి అందరూ చూపించింది దీన్నే.

తర్వాత అదే కొండ మీద యాంటెన్నాలు పెంచారు, పరికరాలు మార్చారు, పేరు కూడా నోయెమా అని మార్చారు. 2022లో మరో బృందం అదే క్వేజార్ని, ఇంకా వెడల్పైన బ్యాండులో, అంటే ఒకేసారి ఇంకా ఎక్కువ తరంగదైర్ఘ్యాల మేర చూసింది. తోకలు లేవు!

ఇందులో మోసం ఏమీ లేదు. గుట్ట కింద ధూళి వెలుగు సమంగా పరుచుకుని ఉంటుంది. ముందు దాన్ని తీసేస్తే గానీ గీత సరిగ్గా కనబడదు. బ్యాండు ఇరుకుగా ఉంటే, తోక ఎక్కడ ముగిసి ధూళి వెలుగు ఎక్కడ మొదలైందో తేల్చడం కష్టం. అట్టడుగు గీత పిసరంత పైకో కిందికో గీస్తే చాలు, తోక పుట్టుకొస్తుంది, లేదా మాయమవుతుంది. అంత సన్నటి వ్యవహారం అది.

ఒక్కో క్వేజార్‌లో తోక కనబడకపోతే అందరినీ కలిపి చూద్దామన్నారు. 2019లో ఒక బృందం 48 క్వేజార్ల అల్మా స్పెక్ట్రమ్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చింది. తోకలు ఉన్నాయంది. 2020లో ఇంకో బృందం 27 క్వేజార్లతో అదే పని చేసింది. లేవంది. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. ఎవరి క్వేజార్లు వాళ్లవి, ఎవరి పద్ధతి వాళ్లది. ఒక్కటి మాత్రం తేలింది: ప్రతి క్వేజార్ దగ్గరా రోజుకి నాలుగు సూర్యుళ్లు పోవడం లేదు.

ఇంకో చిక్కు. ఈ గెలాక్సీల్లో నక్షత్రాలు కూడా ఏడాదికి వందల సూర్యుళ్ల లెక్కన పుడుతుంటాయి. వాటిలో బరువైనవి కొద్ది కాలానికే సూపర్నోవాలై పేలతాయి. ఆ పేలుళ్లూ గ్యాస్‌ని బయటికి తోస్తాయి. బయటికి పోయే గ్యాస్ కనిపించిందని నేరమంతా బ్లాక్ హోల్ మీద వేస్తే ఎలా? వేగం సెకనుకు వెయ్యి కిలోమీటర్లు దాటితే బ్లాక్ హోల్‌నే అనుమానిస్తారు, అది సబబే. అనుమానానికీ, తీర్పుకీ మధ్య తేడా ఆ వీడియో చేసినవాళ్లకి పట్టలేదు.

జపాన్ సుబారు టెలిస్కోపుతో దొరికిన జె1243+0100 గురించి కూడా చెప్పాలి. విశ్వం వయసు 75 కోట్ల ఏళ్లప్పటిది. 2021లో అల్మా చూసినప్పుడు దాని కార్బన్ గీతలో తోక కనబడింది, ఏడాదికి దాదాపు 450 సూర్యుళ్ల గ్యాస్ పోతోందని లెక్క వేశారు. ఈ ఫలితం నిలబడుతుందా లేదా అన్నది లోతుగా మళ్లీ చూస్తే గానీ తేలదు. జె1148 చూశాక నేను ఒక్క పరిశీలనకి చప్పట్లు కొట్టడం మానేశాను.

ప్రశ్న: బయటికి పోయిన గ్యాస్ మళ్లీ వెనక్కి రాదా? అంతా పోతే ఆ గెలాక్సీలో ఇక కొత్త చుక్కలు పుట్టవా? మా అబ్బాయి చదివి వినిపిస్తే అడగాలనిపించింది.
– రైతు, గజపతినగరం మండలం

ఇప్పుడంటే కోత మిషన్లు వచ్చాయి గానీ, కళ్లంలో చేటతో తూర్పారబట్టిన చెయ్యి మీది. కాబట్టి మీకు ఇట్టే అర్థమవుతుంది. ఒకే గాలి వీచినా ఊక కళ్లం దాటి ఎగిరిపోతుంది, తాలు కాస్త ఎడంగా పడుతుంది, గట్టి గింజ మీ కాళ్ల దగ్గరే రాలుతుంది. క్వేజార్ గాలికీ ఇదే వరస. పల్చగా, వేడిగా ఉన్న గ్యాస్ సులువుగా వేగం పుంజుకుని గెలాక్సీ దాటేస్తుంది. దట్టమైన చల్లటి మబ్బులు ఒక పట్టాన కదలవు. నక్షత్రాలు పుట్టేది ఆ చల్లటి మబ్బుల్లోనే. అందుకే ఊక ఎంత దూరం ఎగిరిందని నేను అడగను, గింజ కదిలిందా అని అడుగుతాను. పైన హైడ్రాక్సిల్ అణువు గురించి అంత సాగదీసింది అందుకే. అణువులు బతికేది చల్లటి గ్యాస్‌లో. జె2054లో కదిలింది గింజే.

అక్కడ కూడా అంతా పోదు. ఆ పోయే గ్యాస్‌లో ఎక్కువలో ఎక్కువ సగం గెలాక్సీ లాగుడుని తప్పించుకోవచ్చని ఆ జపాన్ బృందం అంచనా. మిగతాది కొంత దూరం పోయి, నీరసించి, ఎప్పటికో వెనక్కి పడుతుంది. అప్పుడు మళ్లీ నక్షత్రాలూ పుట్టొచ్చు, బ్లాక్ హోల్‌కి మళ్లీ మేతా దొరకొచ్చు. పోయిన సగం కూడా వృథా కాదు. నక్షత్రాల్లో తయారైన కార్బన్, ఆక్సిజన్ గెలాక్సీల మధ్య ఖాళీలోకి చేరేది ఈ దారినే.

ఇదే జోరు ఆగకుండా సాగితే జె2054లో నక్షత్రాలకి కావలసిన గ్యాస్ కోటి ఏళ్లలో అయిపోతుంది. మనకి కోటి ఏళ్లు గానీ గెలాక్సీకి అది చాలా కొద్ది కాలం. ఆగకుండా సాగుతుందా అన్నదే అనుమానం. క్వేజార్ ఎప్పుడూ ఒకేలా వెలగదు, మేత ఉన్నప్పుడు వెలుగుతుంది, లేనప్పుడు ముడుచుకుంటుంది.

అలా ఎండిపోయిన గెలాక్సీలు ఉన్నాయా అంటే ఉన్నాయి. జేమ్స్ వెబ్ టెలిస్కోపు జీఎస్-9209 అని ఒకదాన్ని చూపించింది, 2023లో వివరాలు వచ్చాయి. విశ్వానికి 125 కోట్ల ఏళ్లప్పటి గెలాక్సీ. నక్షత్రాల బరువు దాదాపు 4000 కోట్ల సూర్యుళ్లు. అందులో ఎక్కువ భాగం 20 కోట్ల ఏళ్లలో హడావిడిగా పుట్టేశాయి, తర్వాత పుట్టుక ఆగిపోయింది. దాని మధ్యలో బ్లాక్ హోల్ బరువు 50 కోట్ల సూర్యుళ్ల దాకా ఉంటుందని లెక్క, ఆ గెలాక్సీ సైజుకి అది కాస్త పెద్దదే. వెలుగు మాత్రం ఇప్పుడు మసకగా ఉంది.

ఇంకొకటి జీఎస్-10578. ఇది విశ్వానికి 200 కోట్ల ఏళ్లప్పటిది. ఇక్కడ నీడ పద్ధతిలో సోడియం గీత దొరికింది. చల్లటి గ్యాస్ సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో పోతోంది. గెలాక్సీని శాశ్వతంగా వదిలి పోవడానికి ఆ వేగం చాలు. నక్షత్రాల పుట్టుక అప్పటికే దాదాపు ఆగింది కాబట్టి సూపర్నోవాల మీద నెట్టేయడానికి లేదు. ఇంతవరకు నేను చదివినవాటిలో బ్లాక్ హోల్ మీద కేసు గట్టిగా నిలబడేది ఇక్కడే. ఆ వీడియోలో దీని పేరే లేదు!

ప్రశ్న: మన పాలపుంత కూడా ఎప్పుడైనా ఇలా చేసిందా? చేస్తే మన గతేంటి?
– గృహిణి, టెక్కలి

టెన్షన్ పడకండమ్మా. మన బ్లాక్ హోల్ బరువు 43 లక్షల సూర్యుళ్లు. ఆ క్వేజార్ల ముందు పిల్లకాయ, పైగా ఇప్పుడు పస్తులు ఉంటోంది. కానీ ఒకప్పుడు ఏదో చేసిన జాడ ఉంది. పాలపుంత మధ్యనుంచి పైకి ఒకటి, కిందికి ఒకటి, ఒక్కోటి 25,000 కాంతి సంవత్సరాల ఎత్తున రెండు బుడగలు ఉన్నాయని 2010లో ఫెర్మీ టెలిస్కోపు గామా కిరణాల్లో తేలింది. అవి బ్లాక్ హోల్ వీచిన గాలి వల్ల వచ్చాయా, అక్కడ గుంపుగా పుట్టి పేలిన నక్షత్రాల వల్లా అన్న వాదన ఇంకా నడుస్తోంది. ఏదైనా, మనం మధ్యకి 26,000 కాంతి సంవత్సరాల దూరంలో, పక్క వీధిలో ఉన్నాం. ఆ బుడగలు పైకీ కిందికీ పోయాయి గానీ మన వైపు రాలేదు.

పాలపుంత నడుము చూడాలంటే ధనుస్సు రాశి వైపు చూడాలి. హుద్‌హుద్ తుపాను తర్వాత కరెంటు లేని రాత్రుల్లో విజయనగరం ఊరి మధ్య నుంచే అది కనిపించింది. ఇప్పుడైతే మీ టెక్కలి నుంచి భావనపాడు తీరానికి పోతే నయం.

ప్రశ్న: మాస్టారూ, నేను పదో తరగతి. మా మామయ్య బైనాక్యులర్ ఇచ్చాడు. దాంతో క్వేజార్ కనిపిస్తుందా?
– విద్యార్థి, బొబ్బిలి

బైనాక్యులర్‌తో కనిపించదు బాబూ. అందరికన్నా కాంతివంతంగా కనిపించే క్వేజార్ 3సి 273. దాని ప్రకాశం 12.9. ఈ లెక్కలో అంకె పెరిగే కొద్దీ వెలుగు తగ్గుతుంది. మన కంటికి చీకట్లో 6 వరకే ఆనుతుంది. కాబట్టి 8 అంగుళాల టెలిస్కోపు, అమావాస్య రాత్రి, ఊరి లైట్లకి దూరం, మూడూ కావాలి. చూసినా ఒక మామూలు చుక్కే. 1963లో మార్టెన్ ష్మిట్ దాని స్పెక్ట్రమ్ చదివి, హైడ్రోజన్ గీతలు ఎక్కడివక్కడ లేకుండా 16 శాతం జరిగి ఉన్నాయని పట్టుకునేదాకా పెద్దవాళ్లు కూడా దాన్ని చుక్కే అనుకున్నారు. దాని చోటు అంత ఖచ్చితంగా తెలిసింది కూడా ముందు ఏడాది చంద్రుడు దానికి అడ్డొచ్చినప్పుడే. ఆస్ట్రేలియాలో పార్క్స్ రేడియో టెలిస్కోపు దగ్గర, అది సరిగ్గా ఏ క్షణంలో మాయమై ఏ క్షణంలో మళ్లీ కనిపించిందో కొలిచారు.

ఎక్కడ చూడాలంటే, కన్యారాశిలో. చిత్త నక్షత్రం గుర్తుపట్టడం తేలిక, ముందు అది పట్టుకో. అదే రాశిలో ఈటా వర్జినిస్ అని ఒక చుక్క ఉంది, ఫోన్‌లో ఆకాశపటం యాప్ ఏదైనా చూపిస్తుంది. దానికి ఈశాన్యంగా మూడున్నర డిగ్రీలు, అంటే చెయ్యి చాచి రెండు వేళ్లు పెట్టినంత దూరం. బైనాక్యులర్‌తో ఆ చోటు దాకా వెళ్లడం నేర్చుకో, చూపు కుదురుతుంది. అక్కడ నీకు కనిపించని ఆ చుక్క వెలుగు బయల్దేరి దాదాపు 200 కోట్ల ఏళ్లయింది. క్వేజార్లలో మాత్రం అది మన ఇరుగుపొరుగే.

ఏప్రిల్ చివర రాత్రి పది గంటలకి అది మనకి దాదాపు నడినెత్తిన, కాస్త దక్షిణంగా ఉంటుంది. జూన్ వస్తే మబ్బులు మొదలు, మళ్లీ ఏడాది ఆగాలి. మా డాబా మీద 8 అంగుళాల టెలిస్కోపు ఉంది. సెలవులిచ్చాక, అమావాస్యకి అటూ ఇటూ నాలుగు రోజుల్లో మీ నాన్నగారిని వెంటబెట్టుకుని రా. మీ అడ్రసు ఉత్తరంలో ఉంది కాబట్టి ఫోన్ నంబరు పోస్టులో పంపుతున్నాను. బయల్దేరే ముందు ఒకసారి ఫోన్ చెయ్యి, ఇక్కడ మబ్బు పడితే బస్సు చార్జీలు దండగ.